వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ సమాఖ్యకి వ్యూహం రాశాను, అది ఏ ఆటకైనా సరిపోతుందట. ఏం చేయను?

బరంపురం పట్టు

అందరికీ నమస్కారం. మాది బరంపురం, పెద్ద బజారు వెనక సందు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొట్లో హిందీ. పగలంతా ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను, సాయంత్రం మా చిన్నాన్న నడిపే వ్యాయామశాలలో పిల్లలకి బార్‌కి ప్లేట్లు ఎక్కించి దించుతాను. మా ఊరికి బరువులంటే ఎంత పిచ్చో బయటివాళ్లకి పెద్దగా తెలీదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో 69 కిలోల ఒంటి బరువు తరగతిలో బంగారం తెచ్చిన రవికుమార్ మా బరంపురం వాడే. ఆ వారం మా వ్యాయామశాలలో చేరడానికి వచ్చిన పిల్లల్ని నిలబెట్టడానికి చోటు చాల్లేదు, వాళ్లలో నేనొకణ్ని. నా వల్ల కాదని రెండేళ్లకే తేలిపోయింది, అందుకే ప్లేట్ల డ్యూటీ.

ఇప్పుడు విషయం. దూరవిద్యలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేస్తున్నాను. ఆఖరి ప్రాజెక్టుకి ఏదైనా ఒక అంతర్జాతీయ క్రీడా సమాఖ్యని ఎంచుకుని దానికి నాలుగేళ్ల వ్యూహం రాయాలి, ఆ వ్యూహాన్ని ఎవరెవరికి ఎలా చెప్పాలో కూడా రాయాలి. నేను ఇంకేం ఎంచుకుంటాను, ఐడబ్ల్యూఎఫ్‌నే, అంటే మన వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ సమాఖ్యనే తీసుకున్నాను. నెల రోజులు కూర్చుని 14 పేజీలు రాశాను. ధ్యేయం, విలువలు, ఆరు మూలస్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక్కో రంగు. పెద్ద పెద్ద సమాఖ్యల పత్రాలు చూసే రాశాను, వాటిలోనూ ఇవే ఉన్నాయి.

మా సార్ ఒక్క వాక్యం రాసి తిప్పి పంపేశారు: "ఇందులో వెయిట్‌లిఫ్టింగ్ అన్నచోటల్లా క్యారమ్స్ అని పెట్టి చదువుకో." పెట్టి చదివాను. ఎక్కడా అతుకు కనబడలేదు. "క్యారమ్స్ ద్వారా ప్రపంచ యువతలో స్ఫూర్తి నింపడం" కూడా బ్రహ్మాండంగా కుదిరింది.

అది చాలదన్నట్టు మా అక్క కూతురు, 15 ఏళ్ల పిల్ల, 48 కిలోల్లో ఎత్తుతుంది, ఆ రంగుల పేజీలన్నీ తిరగేసి "మావయ్యా, ఇందులో నేనెక్కడున్నాను?" అంది. నాకు నోట మాట రాలేదు.

అసలు ఇలాంటి సంస్థలు వ్యూహం అనేదాన్ని ఎక్కడ మొదలుపెడతాయి? రాయడం వేరు, చెప్పడం వేరు అని పుస్తకంలో ఉంది, ఆ తేడా నాకు పట్టుబడటం లేదు. ఇందులో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. ఇంకా మూడు వారాలు టైముంది.

వంశధార ఒడ్డు

తమ్ముడూ, మాది గుణుపురం. ఢిల్లీలో ఒక జాతీయ సమాఖ్య ఆఫీసులో ఆరేళ్లు చేశాను. ఏ ఆటో చెప్పను, నీ ఆట మాత్రం కాదు. అంతర్జాతీయ సమాఖ్య నుంచి వచ్చే సర్క్యులర్లు చదివి, అర్థం చేసుకుని, మన రాష్ట్రాలకి పంపడం నా ఉద్యోగం. అంటే నువ్వు రాసినలాంటి 14 పేజీలు పుట్టేచోటుకీ చచ్చిపోయేచోటుకీ మధ్యలో కూర్చున్నవాణ్ని. మీ సార్ మంచిమాటే అన్నారు, కానీ నువ్వు చూసి రాసిన పెద్ద పత్రాలు అలా ఎందుకుంటాయో తెలిస్తే నీకంత సిగ్గు వేయదు.

ఈ సమాఖ్యలకి యజమాని ఎవరు? సభ్యదేశాలు. అధ్యక్షుణ్ని ఎన్నుకునేది కాంగ్రెస్ అనే మహాసభ. ఫిఫానే చూడు, 211 సభ్యసంఘాలు, బ్రెజిల్‌కీ ఒక ఓటే, పసిఫిక్‌లో ఓ చిన్న ద్వీపానికీ ఒక ఓటే. కాబట్టి పత్రం ఇంతమంది చేతులెత్తేలా ఉండాలి. "అభివృద్ధి" అంటే చెయ్యెత్తనివాడెవడు? "ఫలానా ఖండంలో పోటీలు తగ్గిస్తాం, ఆ డబ్బు ఫలానా ఖండానికి ఇస్తాం" అని రాస్తే సగం చేతులు కిందే ఉంటాయి. ఆ రాసేవాళ్లకి తెలివి లేక కాదు, ఓట్లుండబట్టి అది నీళ్లు కలిపిన పాలలా ఉంటుంది. ఎన్నికల మానిఫెస్టోకే ఫోటోలు అంటించి వ్యూహం అని పేరుపెట్టడం నేను కళ్లారా చూశాను.

రెండోది డబ్బు. క్రికెట్, ఫుట్‌బాల్ సంగతి వదిలెయ్, వాటికి సొంత ప్రపంచ కప్ చాలు. మిగతా చాలా ఆటలకి పెద్ద ఆదాయం ఒలింపిక్స్ టీవీ హక్కుల్లో ఐఓసీ, అంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, ఇచ్చే వాటా. అదీ నాలుగేళ్లకోసారి, అదీ అందరికీ ఒకేలా కాదు, అథ్లెటిక్స్, ఈత, జిమ్నాస్టిక్స్ పై వరసలో, తర్వాత మెట్లు మెట్లుగా మిగిలినవాళ్లు. ఒలింపిక్స్‌లో చోటు పోతే ఆ వాటా పోతుంది, వాటా పోతే ఆఫీసులో దీపం పోతుంది. పైగా మన దగ్గరలాంటి దేశాల్లో ప్రభుత్వం డబ్బు కూడా ఒలింపిక్ ఆటల వెనకే నడుస్తుంది. అందుకే నా లెక్కలో వ్యూహం అనేది ధ్యేయంతో మొదలవదు, భయంతో మొదలవుతుంది.

కుస్తీ కథ తెలుసా? 2013 ఫిబ్రవరిలో ఐఓసీ కార్యనిర్వాహక మండలి 2020 ఒలింపిక్స్ ప్రధాన ఆటల్లోంచి కుస్తీని తీసేద్దామంది. పురాతన ఒలింపిక్స్ నాటి ఆట! అప్పటిదాకా సమాఖ్యకి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ దెబ్బకి అధ్యక్షుడు దిగిపోయాడు, సెర్బియా మనిషి లాలోవిచ్ వచ్చాడు. తర్వాత ఏడు నెలల్లో వాళ్లు చేసిన పని చూడు. చూసేవాడికి ఎవడు గెలుస్తున్నాడో తెలియని ఆ రెండేసి నిమిషాల రౌండ్ల పద్ధతి తీసేసి, మూడేసి నిమిషాలు రెండు భాగాలు, మొత్తం పాయింట్లు కలిపి లెక్క అన్నారు. ఆడవాళ్లకి నాలుగు బరువు తరగతులుంటే ఆరు చేస్తామన్నారు, అందుకోసం మగవాళ్ల రెండు శైలుల్లోనూ ఏడేసి ఉన్నవి ఆరేసికి తగ్గించారు. సెప్టెంబర్‌లో బ్యూనస్ ఎయిరీస్‌లో ఓటు పెడితే 95లో 49 వచ్చాయి, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్, స్క్వాష్ వెనకబడ్డాయి. పేరు కూడా తర్వాతి ఏడాది యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్ అని మార్చుకున్నారు, సరే పేరుదేముంది.

ఇందులో నువ్వు పట్టుకోవలసింది ఆ మగవాళ్ల తరగతులు. ఒకరికి ఇవ్వడానికి ఇంకొకరి దగ్గర తీసుకున్నారు, ఆ మాట బయటికి చెప్పారు. నీ ఆరు స్తంభాల్లో ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నావో ఒక్కచోటైనా ఉందా? లేకపోతే అది వ్యూహం కాదు, శుభలేఖ.

ఇక నీ ఆట. నీకంత పెద్ద భయం చేతిలో ఉండగా రంగులు వేసుకుంటూ కూర్చున్నావు! 2020 జనవరిలో మీ సమాఖ్య అక్రమాల మీద జర్మన్ టీవీ బయటపెట్టిన కథనం, ఆ ఏప్రిల్‌లో తమాష్ అయాన్ రాజీనామా, ఆయన 1976 నుంచి కార్యదర్శిగా, 2000 నుంచి అధ్యక్షుడిగా అక్కడే పాతుకుపోయిన మనిషి. జూన్‌లో దాని మీద విచారణ చేసిన మెక్‌లారెన్ నివేదిక, లెక్క తేలని సొమ్ము కోటీ నాలుగు లక్షల డాలర్లు, దాచిన డోపింగ్ కేసులు. 2021 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ 2028 ఒలింపిక్స్ ఆటల మొదటి జాబితా ప్రకటిస్తే బాక్సింగ్, మోడర్న్ పెంటాథ్లాన్‌తోపాటు వెయిట్‌లిఫ్టింగ్ పేరు లేదు. 2022లో అల్బేనియా రాజధాని టిరానాలో ఎన్నికైన కొత్త అధ్యక్షుడు, ఇరాక్‌కి చెందిన జలూద్. చివరికి 2023 అక్టోబర్‌లో మన ముంబైలో జరిగిన ఐఓసీ సమావేశంలోనే తిరిగి చోటు దొరికింది, క్రికెట్ వచ్చిందని మనవాళ్లు టపాసులు కాల్చిన ఆ సమావేశమే, ఇది ఎవరూ పట్టించుకోలేదు. నీ మొదటి పేజీలో ఇది రాయి. "ఒకసారి గుమ్మం బయట నిలబడి వచ్చాం, మళ్లీ నిలబడకూడదు" అని. అక్కడ క్యారమ్స్ అని పెట్టి చదవమను మీ సార్‌ని.

గవ్వల సంచి

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి, క్యారమ్స్‌ని మరీ అంత చిన్నచూపు చూడకండి. దానికీ అంతర్జాతీయ సమాఖ్య ఉంది, 1988లో చెన్నైలో పెట్టారు. సార్‌కి చెప్పండి.

మహేంద్రగిరి

గుణుపురం ఆయన చెప్పింది బాగానే ఉంది గానీ నాకో మాట మింగుడు పడలేదు. మాది పర్లాకిమిడి, పాతికేళ్లుగా పిల్లలకి బరువులెత్తడం నేర్పుతున్నాను, జీతం లేదు, బడిలో పీఈటీ ఉద్యోగం వేరే ఉంది. భయంతో వ్యూహం మొదలవుతుందంటే సరే, ఆ భయం ఎవరిది? స్విట్జర్లాండ్‌లో, లాసాన్‌లో ఉన్న సమాఖ్య ఆఫీసు మూతపడుతుందన్న భయం వాళ్లది. నా దగ్గరికొచ్చే గుంటల భయం వేరు. వ్యూహాల ఖర్చు వాళ్ల ఒంటి మీద పడుతుంది.

తరగతుల గోల చెబుతాను, ఇది పూర్తిగా వినండి, ఎందుకంటే ఏ పత్రంలోనూ ఇది ఇలా ఉండదు.

కరణం మల్లీశ్వరి మాకు పక్క జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సిడ్నీలో, ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో ఈ ఆట పెట్టిన మొదటిసారే, 69 కిలోల్లో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 ఎత్తి కంచు తెచ్చింది. ఆ 69 తరగతిని 2018లో తీసేశారు. 64, ఆ తర్వాత 71 అన్నారు. మళ్లీ 2025 జూన్ నుంచి 69 వచ్చింది. మీరాబాయి చానూ 2017లో ప్రపంచ ఛాంపియన్ అయింది 48లో. 2018లో 48 పోయి 49 వచ్చింది, అందులో టోక్యోలో 202 ఎత్తి వెండి, పారిస్‌లో 199తో నాలుగో స్థానం. 2025లో మళ్లీ 48, అందులో నార్వేలో ప్రపంచ పోటీల్లో మళ్లీ 199, వెండి. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌కి ఆడవాళ్ల జాబితా 53 దగ్గర మొదలవుతోంది. ఆ స్థాయి మనిషే ఇన్నిసార్లు శరీరాన్ని విప్పి కుట్టుకోవాలంటే మా పిల్లల మాటేమిటి?

కిలో మారడమంటే కాగితం మీద అంకె మారడం కాదయ్యా. 48 పిల్ల 53కి వెళ్లాలంటే ఐదు కిలోలు, అదీ కొవ్వు కాదు కండ, దానికి ఏడాది ఏడాదిన్నర తిండి. గుడ్లు, పాలు, చికెన్ ఎవరు కొంటారు? తండ్రి ఆటో నడుపుతాడు. అంతర్జాతీయ జాబితా మారగానే మన నేషనల్స్ జాబితా మారుతుంది, దాంతో రాష్ట్రానిది, దాంతో జిల్లాది. మాకు ఎలా తెలుస్తుంది? వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో, అదీ పక్కకి తిరిగి ఉంటుంది, సగం అంకెలు కత్తిరించి ఉంటాయి. పోయినసారి అలాంటి ఫోటో నమ్మి ఒక పిల్లని నెలన్నర తిండి తగ్గించి ఉంచాను, తీరా అది యూత్ పోటీలది కాదు, సీనియర్లది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ చూడలేను. తప్పు నాదే, సరిచూసుకోవలసింది. కానీ సరిచూసుకోవడానికి మా భాషలో, పోనీ హిందీలో, ఒక్క కాగితం ఎక్కడుంది?

వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడుగారి కాలంలో తాలింఖానాల్లో తరగతులూ లేవు, సమాఖ్యలూ లేవు, ఎత్తగలిగినవాడు ఎత్తాడు. ఆ రోజులు రావాలని కాదు నేననేది. మార్చండి, కానీ ఎందుకు మారుస్తున్నారో, ఎప్పటిదాకా ఉంచుతారో మా వ్యాయామశాలలో కూర్చున్న పిల్లకి తెలిసేలా చెప్పండి. బరంపురం బాబూ, మీ మేనకోడలు అడిగిందే అసలు ప్రశ్న. నీ 14 పేజీలకీ ఆ పిల్లే పరీక్ష పెట్టే మాస్టారు.

వంశధార ఒడ్డు

మాస్టారూ, మీ మాట కాదనను. ఒక్కటి మాత్రం కలుపుతాను. తరగతులు ఊరికే సరదాకి మార్చరు. రియోలో ఈ ఆటకి 15 పతకాంశాలు, 260 మంది. టోక్యోలో 14, 196. పారిస్‌కి 10, 120. ఐఓసీ మొత్తం ఆటగాళ్ల సంఖ్యని కట్టడి చేస్తుంది, డోపింగ్ చేసిన ఆటకి కోత ముందు పెడుతుంది. లాస్ ఏంజెలెస్‌కి 120 మందే, కానీ అంశాలు 12 అయ్యాయి, ఆడవాళ్లకి ఆరు, మగవాళ్లకి ఆరు. ఆ ఆరింటిలో సన్నవాళ్ల నుంచి లావువాళ్ల దాకా అందర్నీ ఇరికించాలి, ఏదో ఒక కొస తెగుతుంది, ఈసారి తేలిక కొస తెగింది. ఇదే నేను చెప్పిన "ఎవరి దగ్గర ఏం తీసుకుంటున్నావ్". తేడా ఏమిటంటే కుస్తీవాళ్లు అది గట్టిగా చెప్పుకున్నారు, ఇక్కడ అది అంకెల పట్టీలో దాక్కుంది.

నాగావళి

రాయగడ నుంచి. నేను టీచర్‌ని, ఆటలు ఆడింది లేదు, కానీ ప్రభుత్వ పథకాల కాగితాలు ఒడియా నుంచి తెలుగులోకి, కొన్నిసార్లు కువీ మాట్లాడే పిల్లల కోసం బొమ్మల్లోకి మార్చే పని పదేళ్లుగా చేస్తున్నాను. అందుకని "చెప్పడం" సగం మీద రెండు మాటలు. రెండంటే రెండు కావు, ముందే చెబుతున్నా.

ఇక్కడ అందరూ వ్యూహం రాసి, తర్వాత చెప్పడం అనుకుంటున్నారు. నా అనుభవంలో అది తిరగేసి. చెప్పడానికి కూర్చున్నప్పుడే అందులో ఏమీ లేదని బయటపడుతుంది. ఒక పథకం కాగితాన్ని బొమ్మగా వెయ్యమన్నప్పుడు నా చెయ్యి ఆగిపోయిందంటే అక్కడ పనీ లేదు, మనిషీ లేడు అని అర్థం. నీ ఆరు స్తంభాలకీ ఒక్కో బొమ్మ గీయి తమ్ముడూ. "సుపరిపాలన" అన్నదానికి ఏం గీస్తావ్? కరచాలనం గీస్తావు, ఇంకేముంది. అదే "డోపింగ్ పరీక్షలు ఇకమీదట మా చేతిలో ఉండవు, ఇంటర్నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ చేస్తుంది" అన్నదానికి గీయడానికి ఉంది. సీసా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళుతోంది. వెయిట్‌లిఫ్టింగ్ వాళ్లు నిజంగా చేసిన పనే కదా అది.

ఒక్క వాక్యంలో చెబితే ఎలా ఉంటుందో అథ్లెటిక్స్ వాళ్లని చూడండి. 2024 ఏప్రిల్‌లో, పారిస్‌లో బంగారం గెలిచినవాళ్లకి 50 వేల డాలర్లు ఇస్తాం అన్నారు. 48 అంశాలు, 24 లక్షల డాలర్లు, ఐఓసీ ఇచ్చే వాటాలోంచే. అంతే. ఆటగాడికి అర్థమైంది, పేపరువాడికి అర్థమైంది, మా బడి ప్యూన్‌కి కూడా అర్థమైంది, నీరజ్ చోప్రాకి ఎంతొస్తుంది టీచర్ అని అడిగాడు. (వెండి వచ్చింది కాబట్టి ఏమీ రాలేదు, వెండికీ కంచుకీ 2028 నుంచి అన్నారు.) "ఆటగాళ్లే మా కేంద్రబిందువు" అని నలభై పేజీలు రాసినా రానిది ఆ ఒక్క అంకెతో వచ్చింది.

కానీ అదే ఉదాహరణలో రెండో వైపు కూడా ఉంది. వేసవి ఒలింపిక్ ఆటల సమాఖ్యలన్నిటికీ కలిపి ఒక సంఘం ఉంది, ఆసోయిఫ్ అంటారు. మమ్మల్ని ముందుగా అడగలేదు, చెప్పలేదు అని వాళ్లు బహిరంగంగానే కోప్పడ్డారు. డబ్బున్న సమాఖ్య ఇవ్వగలదు, లేనివాళ్ల ఆటగాళ్లు రేపు మా సంగతేంటని అడగరా? పెళ్లికి పిలవడంలో ఉన్నట్టే ఇందులోనూ వరసలున్నాయి. మేనత్తకి చెప్పకుండా పేపర్లో వేయిస్తే పందిరి బాగున్నా మాట పడాలి. కాబట్టి నీ రెండో భాగంలో "ఎవరికి చెప్పాలి" కన్నా "ఎవరికి ముందు చెప్పాలి" రాయి. నా వరస ఇలా ఉంటుంది: మొదట దెబ్బ తగిలేవాళ్లకి, తర్వాత ఆ దెబ్బని వివరించవలసినవాళ్లకి, అంటే మహేంద్రగిరి మాస్టారి లాంటి కోచ్‌లకి, ఆ తర్వాత ఓటేసేవాళ్లకి, డబ్బిచ్చేవాళ్లకి, ఆఖర్న పత్రికలకి. చాలామంది సరిగ్గా కింద నుంచి పైకి చేస్తారు. పత్రికలో చదివి కోచ్ తెలుసుకుంటాడు.

ఇంకొకటి, ఇది మన ఒడిశా వాళ్లకి దగ్గర. హాకీవాళ్లు హాకీ ఫైవ్స్ అని అయిదుగురితో చిన్న మైదానం ఆట తెచ్చారు, 2014 నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో మొదలు, 2024 జనవరిలో మస్కట్‌లో దానికి ప్రపంచ కప్ కూడా పెట్టారు. పెద్ద టర్ఫ్ వేసుకునే స్తోమత లేని దేశాలకి దారి, ఆలోచనలో తప్పేం లేదు. కానీ 2018లో భువనేశ్వర్లో, 2023లో రౌర్కెలాలో పదకొండుమంది ఆట చూసి చొక్కాలు చించుకున్న మావాళ్లకి మొదట వచ్చిన అనుమానం ఒకటే, రేపు ఒలింపిక్స్‌లో పదకొండు తీసేసి ఇదే పెడతారా? కొత్తది ఏమిటో చెప్పేటప్పుడు అది ఏం కాదో కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో చెప్పాలి. లేకపోతే ఆ ఖాళీని జనం తమ భయంతో నింపుకుంటారు.

మహేంద్రగిరి

టీచరమ్మా, "దెబ్బ తగిలేవాళ్లకి ముందు" అన్నారు చూడండి, నేను మూడు పేరాల్లో మొరపెట్టుకున్నది అదే.

బరంపురం పట్టు

అందరికీ దండాలు. రెండు రాత్రులు ఇదే చదువుకున్నాను. స్తంభాలన్నీ కూల్చేశాను, రంగులు కూడా. మొదటి పేజీ ఇలా మార్చాను, మొహమాటం లేకుండా చెప్పండి:

"2021 డిసెంబర్‌లో మన ఆట ఒలింపిక్స్ జాబితాలో లేదు. 2023 అక్టోబర్‌లో తిరిగి వచ్చింది. వచ్చే నాలుగేళ్లలో మనం చేసే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో తూస్తాం: దీనివల్ల మళ్లీ బయటికి వెళ్లే ప్రమాదం తగ్గుతుందా? అందుకోసం మూడు పనులు చేస్తాం. డోపింగ్ పరీక్షల మీద గానీ శిక్షల మీద గానీ మన ఆఫీసులో ఎవరికీ అధికారం ఉండదు. తరగతుల జాబితా ఒక ఒలింపిక్స్ అయిన ఆరు నెలల్లోపు ప్రకటిస్తాం, తర్వాతి ఒలింపిక్స్ దాకా ముట్టుకోం. ఆ జాబితాని ప్రతి సభ్యదేశం తన కోచ్‌ల భాషల్లో అందించాలి, అందించినట్టు చూపిస్తేనే అభివృద్ధి నిధి రెండో విడత ఇస్తాం. వీటి కోసం కొత్త పోటీలు పెట్టడం, కొత్త దేశాల్లో ప్రదర్శనలు ఆపుతాం."

తూస్తాం అన్నమాట బాగుందా? మా ఆట కదా అని పెట్టాను.

మేనకోడలికి చదివి వినిపించాను. "రెండో పనిలో ఉన్నాను" అంది.

వంశధార ఒడ్డు

శుభలేఖ పోయింది, ఇప్పుడిది ఉత్తరంలా ఉంది. రెండు చోట్ల పట్టుకుంటారు, సిద్ధంగా ఉండు.

ఒకటి, తరగతులు ముట్టుకోం అన్నావు. ఒలింపిక్స్‌లో ఎన్ని అంశాలు, ఎంతమంది అన్నది నీ సమాఖ్య ఒక్కటే తేల్చేది కాదు, ఐఓసీ తేల్చాలి. లాస్ ఏంజెలెస్ కార్యక్రమం ఐఓసీ ఖరారు చేసింది 2025 ఏప్రిల్‌లో, అంటే పారిస్ అయిన ఎనిమిది నెలలకి. నీ ఆరు నెలల మాట అక్కడే తప్పేది. చేతిలో లేనిదానికి మాటిస్తే అది తప్పిన రోజు మిగతా రెండు మాటలూ ఎవరూ నమ్మరు. "ఐఓసీ ఖరారు చేసిన 60 రోజుల్లో" అని మార్చు, మధ్యలో మార్చం అన్నది అలాగే ఉంచు, అది నీ చేతిలో ఉంది.

రెండు, సాధించామని ఎలా కొలుస్తావ్? సొంత కొలబద్ద తయారుచేయకు, నవ్వుతారు. టీచరమ్మ చెప్పిన ఆసోయిఫే సమాఖ్యల పాలన మీద మదింపు చేస్తుంది, పారదర్శకత, నిజాయితీ, ప్రజాస్వామ్యం, అభివృద్ధి, నియంత్రణ అని అయిదు భాగాలు, వాటిలో సూచికలు, ఒక్కో సూచికకి 0 నుంచి 4 మార్కులు. దాన్నే పట్టుకో. పక్కన నీ సొంతది ఒకటే పెట్టు: జాబితా వచ్చిన నెలలోపు అది తెలిసిన జిల్లా కోచ్‌లు వందకి ఎంతమంది. అది ఫోన్ చేసి అడిగితే తేలిపోతుంది.

ఆఖరి వాక్యం, ఆపుతాం అన్నది, మాత్రం చచ్చినా తీయకు. మీ సార్ ఎర్రపెన్నుతో గుండ్రం చుట్టేది దాని చుట్టూనే.

నాగావళి

తూస్తాం బాగుంది, ఉంచు. "అభివృద్ధి నిధి రెండో విడత" అన్నది మాత్రం మేనకోడలికి అర్థమైందేమో అడుగు, నాకు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఇంకో సంగతి, మొదటి పేజీలో జరిగిన తప్పు ఎవరు చేశారో లేదు. "జాబితాలో లేదు" అంటే వానొచ్చి కొట్టుకుపోయినట్టుంది. "మనం డోపింగ్‌ని దాచాం, డబ్బుకి లెక్క చెప్పలేదు, అందుకే తీసేశారు" అని రాయగలవా? నిజం సమాఖ్య అలా రాయడానికి జంకుతుందేమో, నీది ప్రాజెక్టు కదా, నీకేం భయం.

బరంపురం పట్టు

రాశాను టీచర్. చేత్తో టైపు కొడుతుంటే ఎందుకో నేనే చేసినంత కష్టంగా అనిపించింది. 60 రోజులూ మార్చాను.

మహేంద్రగిరి మాస్టారూ, మీకు ఒక్క ప్రశ్న, ప్రాజెక్టుకి సంబంధం లేదు. మా పిల్ల 48లో ఉంది, లాస్ ఏంజెలెస్‌లో 53 నుంచే అని మీరు రాసింది చదివి నిన్నటి నుంచి రెండు పూటలా అన్నం ఎక్కువ పెట్టించుకుంటోంది. మా అక్క నన్ను తిడుతోంది. ఏం చెప్పను?

మహేంద్రగిరి

ఓరి నాయనో. అన్నం కాదు, ముందు దాన్ని ఆపు. 15 ఏళ్ల పిల్ల, ఇంకా ఎదిగే ఒళ్లు, 2028 దాకా దానికదే ఎక్కడికి వెళుతుందో చూద్దాం. ఇప్పుడు పని టెక్నిక్, స్నాచ్‌లో బార్ ఒంటికి దగ్గరగా వస్తోందో లేదో వీడియో తీసి పంపు. తిండిలో రోజుకి రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు ఎక్కువ, పప్పు మానకూడదు. తరగతి సంగతి జిల్లా పోటీల ముందు మాట్లాడుకుందాం, అదీ కాగితం చూసి, ఫోటో చూసి కాదు.

ఆదివారం ఖాళీ ఉంటే పిల్లని తీసుకుని పర్లాకిమిడి రా. నీ మొదటి పేజీ కూడా ఒడియాలో రాసి తీసుకురా, మా గోడకి అంటిస్తాను.